పాత లెన్సు దేవదాసు

"నీ లేజర్ కాకపోతే మరి మా అత్త వచ్చి కాలవెట్టిందా నా కెమెరాను?"

"జర ఇను అన్నా. నేను లైటును మంది మీదికి తిప్పనే లేదు. పైకే వెట్టిన. ఆ గద్వాలోళ్లను అడుగు, బ్యాండోళ్లను అడుగు."

"ఎవ్వన్ని అడిగేది లేదు. తెల్లారి తీసిన ఒక్కొక్క ఫొటోల మచ్చ. సెన్సార్ కాలింది. లేజర్ తగిల్తే కెమెరాలు కాల్తయని లోకమంత మొత్తుకుంటుంది. అడవిలకెల్లి వచ్చినోనివి, సెన్సార్ అంటే ఏందో ఎరుకనా నీకు?"

"ఎరుకనే అన్నా. ఎరుకనే గనక పైకి వెట్టిన అంటున్న."

"ఎదురు మాట్లాడకు. నీ లేజర్లు ఈడ్నే ఉంటయ్. కెమెరా బాగై వచ్చినంక సూద్దాం. నడువ్."

ప్లైవుడ్ గోడకు ఇవతల ఎడిటింగ్ గదిలో కూర్చుని, ఒక పెళ్లికూతురి చెంపల మీది మొటిమలు చెరిపేస్తూ ఈ మాటలన్నీ విన్నాను. అరుస్తున్నది మా యజమాని శ్రవణ్ కుమార్. వనపర్తి బస్టాండు వెనక సందులో ఫొటో స్టూడియో అతనిది. బతిమాలుతున్నది భీమయ్య. అమ్రాబాద్ దాటాక అడవి అంచున ఉండే పెంట, అంటే చిన్న చెంచు గూడెం, అతనిది. పెళ్లి బరాత్‌లకు, అంటే ఊరేగింపులకు, రంగు లైట్లు, లేజర్లు పెట్టుకుని బతుకుతున్నాడు. మొన్న గద్వాలలో జరిగిన బరాత్‌కు లైట్లు అతనివి, ఫొటోలు మావి.

భీమయ్య మెట్లు దిగాడో లేదో, శ్రవణ్ ఫోన్ తీశాడు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో పెళ్లిళ్ల మీద బతికే వాళ్లందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. ఫొటోల వాళ్లు, డీజేల వాళ్లు, షామియానాల వాళ్లు, ఫంక్షన్ హాళ్ల మేనేజర్లు, అందరూ అందులోనే. భీమయ్య ముఖం కనిపించే ఫొటో ఒకటి అందులో పెట్టి, "వీని లేజర్లతోని కెమెరాలు కాల్తున్నయ్. పిలిస్తే మీ ఖర్మ" అని రాశాడు. ముహూర్తాల కాలం అది. ఇక భీమయ్యను ఎవడు పిలుస్తాడు?

నేను తలుపు దగ్గరికి వచ్చి చూసేసరికి మా ముసలి ఫొటోగ్రాఫర్ దేవదాసు ఎప్పటిలాగే మూలనున్న ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో మెత్తటి గుడ్డ. గుడ్డలో తన లెన్సు. ఇంత గొడవ జరిగినా ఆయన తల ఎత్తలేదు.

ఈ దుకాణంలో నాకు రోత పుట్టించని వస్తువు లేదు. పాలిటెక్నిక్ మధ్యలో వదిలేసి ఇక్కడ తేలినప్పుడు, కనీసం ఇక్కడైనా నిజమైన పని చేతికి వస్తుందనుకున్నాను. వచ్చిన పని ఇది: నల్లగా ఉన్నవాళ్లను తెల్లగా చేయడం, లావుగా ఉన్నవాళ్ల నడుములు కోయడం, ఇంకా ముఖం ముఖం సరిగా చూసుకోని జంటను బీచుపల్లి వంతెన కిందికి తీసుకుపోయి, కృష్ణలో మోకాళ్ల దాకా దింపి, రంగు పొగ వదిలి, "ప్రేమగా చూడు బ్రదర్" అని అరవడం. ఆ అబ్బాయి ప్రేమగా చూడడు, బూట్లు తడుస్తాయని చూస్తాడు. అది కూడా మేం సరిచేస్తాం.

వీటన్నిటి మధ్యా దేవదాసు ఎట్లా వచ్చి పడ్డాడో చెప్పాలి.

ఆయనది పెబ్బేరు దగ్గర ఊరు. అమ్మా నాయనా కూలి గుంపుతో డ్యాములు కట్టే చోటికల్లా పోయేవాళ్లు. దేవదాసు కూడా పెరిగీ పెరగక ముందే మట్టితట్ట ఎత్తుకున్నాడు. ఒక డ్యాం దగ్గర, పని ఎంతవరకు వచ్చిందో పైవాళ్లకు చూపించడానికి ఇంజనీర్లు ఫొటోలు తీయించేవాళ్లు. ఆ ఫొటోలు తీసే రంగాచారి అనే ఆయన పెట్టె మోయడానికి మనిషి కావలసి వచ్చింది. తట్ట కన్నా పెట్టె తేలిక అని దేవదాసు పోయాడు. డ్యాం అయిపోయేసరికి ఫిలిం ఎక్కించడం, కడగడం, ఫోకస్ పట్టడం అన్నీ వచ్చేశాయి. పోతూ పోతూ రంగాచారి తన పాత ఎస్సెల్లార్ కెమెరాను, దాని లెన్సును ఇచ్చిపోయాడు.

అప్పటి నుంచి ఈ చుట్టుపక్కల చర్చిలలో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, బొంబాయి పనికి పోయే ముందు కుటుంబమంతా కలిసి దిగే ఫొటోలు, శవపెట్టె చుట్టూ నిలబడి తీయించుకునే ఆఖరి ఫొటోలు, అన్నీ ఆయనే. మెత్తటి మనిషి అనుకోవద్దు. పెళ్లికొడుకులను కూడా తిట్టేవాడట. "మెడ నిలవెట్టు, తాళి నీకు కడ్తలేరు" అనేవాడట. తన ఫోకస్ గురించి ఎంత గర్వమంటే, "నా ఫోకస్ తప్పిందని పాస్టర్ చెప్పినా నేను నమ్మ" అని చర్చి మెట్ల మీదే అన్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు.

తర్వాత డిజిటల్ వచ్చింది. కళ్లలో శుక్లాలు కూడా వచ్చాయి. ఆపరేషన్ అయింది గాని, పాత కెమెరాకు కన్ను ఆనించి చూస్తే ఫోకస్ కుదిరిందో లేదో ఇక తెలియడం మానేసింది. కెమెరా షట్టర్ కూడా పట్టేసింది. మన దేవదాసు ఒక పత్తి మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్‌గా కూర్చున్నాడు. లెన్సు బియ్యం డబ్బాలోకి పోయింది.

అక్కడి నుంచి ఆయనను లేపింది శ్రవణ్ కక్కుర్తి. హైదరాబాదు ఫొటోగ్రాఫర్లు పాత లెన్సులను కొత్త మిర్రర్‌లెస్ కెమెరాలకు బిగించి పెళ్లి ఫొటోలు తీస్తున్నారని, వెలుతురు మంచులా పరుచుకుంటోందని, అమ్మాయిలు పడిచస్తున్నారని ఎక్కడో చూశాడు. "మిల్లుకాడి ముసలాయన తాన పాత లెన్సు ఉందంట, పట్కరాపో" అని నన్ను పంపాడు. నేను పోయి అడిగితే దేవదాసు లుంగీ సర్దుకుని లేచి, "లెన్సు కావాల్నంటే నేను గూడ వస్త. అది ఒక్కతే యాడికి పోదు" అన్నాడు.

లెన్సుకూ కెమెరాకూ మధ్య ఒక ఇనుప రింగు వేసి బిగించాం. ఆ రింగుకు కరెంటు తీగలు ఏమీ ఉండవు. ముందు ఏ లెన్సు ఉందో కెమెరాకు తెలియదు. ఫోకస్, వెలుతురు అన్నీ చేత్తో తిప్పుకోవలసిందే. అయితే తెర మీద బొమ్మను ఎంత పెద్దది కావాలంటే అంత చేసి చూడవచ్చు. నేను గుండీ నొక్కి పెద్దది చేసి చూపించాను. దేవదాసు లెన్సును మెల్లగా తిప్పాడు. నా ముఖం మసకలోంచి బయటికి వచ్చింది.

"ఉదయ్, నీ కన్నురెప్ప మీద దుమ్ముందిరా" అన్నాడు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. శ్రవణ్ ఆగనిచ్చే రకం కాదు. పాడైన ఆ పాత కెమెరాను దేవదాసు దగ్గర తీసుకుని, దుకాణం గోడకు కొట్టి, చుట్టూ మెరిసే బల్బులు పెట్టాడు. వచ్చినవాళ్లు దాని కింద సెల్ఫీలు దిగుతారు. ఆన్‌లైన్‌లో ఒక దొర టోపీ, భుజాల మీదుగా వేసుకునే పట్టీలు తెప్పించి దేవదాసుకు తొడిగించాడు. "ఏందిరా ఇది, బ్యాండుమేళమా?" అని ముసలాయన గొణిగాడు గాని వేసుకున్నాడు. "లెజెండ్" అని పెద్ద అక్షరాలు పెట్టి రీల్స్ చేయించాడు. చేసింది నేనే. నాకు అసలు రోత పుట్టింది ఎప్పుడంటే, ఆ రీల్స్‌ను ఎంతమంది చూశారో దేవదాసు రోజూ నన్ను అడగడం మొదలుపెట్టినప్పుడు. మిల్లు గేటు దగ్గర ఖాకీ చొక్కాలో ఉన్నప్పుడే ఆ మనిషి బాగున్నాడు.

సరే, మచ్చ సంగతి. భీమయ్య వెళ్లిపోయిన సాయంత్రం రెండు కార్యక్రమాల ఫొటోలనూ పక్కపక్కన తెరిచాను. గద్వాల బరాత్ ఫొటోలు మొదటి నుంచి చివరిదాకా శుభ్రంగా ఉన్నాయి. ఒక్క మచ్చ లేదు. మరుసటి రోజు మధ్యాహ్నం వనపర్తిలో తీసిన బారసాల ఫొటోల్లో మొదటి దాని నుంచే మచ్చ ఉంది. ఊయలలో పాప నుదుటి మీద ఊదారంగు మరక. అది చుక్కలా లేదు, నత్త పాకిన జాడలా కొంచెం వంగి, సాగి ఉంది. లేజర్ దెబ్బ తిన్న కెమెరాలు నేను చూశాను. వాటిలో ఫొటో ఈ చివర నుంచి ఆ చివరకు వెంట్రుకలాంటి గీతలు పడతాయి. ఇట్లా పాకదు.

ఎప్పుడూ దుకాణంలోనే ఉండే ఆ కెమెరా, బరాత్‌కూ బారసాలకూ మధ్య మాత్రం దేవదాసు ఇంట్లో ఉంది.

నేను ఫొటోలు తెరిచి చూసిన మరుసటి రోజు ఆదివారం. చర్చికి పోకముందే పట్టుకోవాలని పొద్దున్నే ఆయన ఇంటికి పోయాను. భార్య సాయమ్మ గడపలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది.

"అమ్మా, సార్ లేడా?"

"మీదున్నడు బిడ్డా. దానికి ఎండ సూపెడ్తుండు."

"దేనికి?"

"ఇంకదేనికి, ఆ అద్దానికే. నా పెండ్లయిన కాడికెల్లి సూస్తున్న. పసిపిల్లలకు నూనె రాసి ఎండల పండవెట్టినట్టు పండవెడ్తడు. నా పిల్లలను ఒక్కనాడు పండవెట్టలే."

మిద్దె ఎక్కాను. పిట్టగోడ మీద తువ్వాల పరిచి, దాని మీద లెన్సును సూర్యుడి వైపు తిప్పి పెట్టాడు దేవదాసు. కెమెరా రిపేరుకు హైదరాబాదు పోయింది కాబట్టి లెన్సు వెనక మూత బిగించి ఉంది. ఆయన పక్కనే గొంతుక్కూర్చుని కాపలా కాస్తున్నాడు.

"ఎందుకు సార్ ఇది?"

"బూజు వడ్తదిరా లోపల. ఎండ తగిల్తే సస్తది. రంగాచారి సారు నేర్పిండు. ఇదొక్కటి తప్పకుండ చేసిన గనకనే ఇన్నేండ్లు బతికిందిది."

"గద్వాల బరాత్ అయిన తెల్లారి గూడ పెట్టినవా?"

"పెట్టక?"

"కెమెరాకు బిగిచ్చే పెట్టినవా?"

"మరి? లెన్సును ఉత్తగ ఇప్పి పెడ్తే ఎన్కకెల్లి దుమ్ము పోతదని సారు తిట్టేటోడు. ఎప్పటికీ కెమెరాకు బిగిచ్చే పెట్టాలె. వెలుగును ఆపే లోపలి రెక్కలు మొత్తం తెరిచి పెట్టాలె, ఎండ అంతట తగలాలె. గీ మూత ఇప్పుడు కెమెరా లేదు గనక వెట్టిన."

నేను ఆయన పక్కనే కూర్చున్నాను.

"సార్, నీ పాత కెమెరాల లెన్సు ఎన్క ఒక అద్దం ఉంటుండె కదా."

"ఉంటది. బొమ్మను మీదికి, కంటికాడికి మల్పుతది."

"ఎండను గూడ మీదికే మల్పుతుండె. లోపల ఫిలిం మీదికి పోనిస్తలేకుండె. ఈ కొత్త కెమెరాల అద్దం లేదు సార్. లెన్సు ఎన్క ఏం అడ్డం లేదు, సక్కగ సెన్సారే, ఫిలిం జాగల బొమ్మను పట్టే పలక. కొత్త లెన్సులైతే కొన్ని బంద్ చెయ్యంగనే రెక్కలు అవే మూస్కుంటయ్. నీది చేత్తోని తిప్పేది, తెరిస్తే తెరిచే ఉంటది. సిన్నప్పుడు భూతద్దం వెట్టి కాయితం కాలవెట్టలే మనం? గంతే. సూర్యుడు జరుగుతుంటే మంట గూడ జరిగింది. ఆ మచ్చ గందుకే పాకినట్టుంది."

దేవదాసు లెన్సు వైపు చూశాడు. తర్వాత దాని మీద తువ్వాల కప్పాడు.

"వాసన వచ్చింది" అన్నాడు.

"ఏం వాసన?"

"కెమెరా తీస్కుంటుంటే ప్లాస్టిక్ కాలిన వాసన. సాయమ్మ పొయ్యికాడ కవరేదో కాలవెట్టిందనుకున్న."

"నిన్న భీమయ్యను తిడ్తుంటే ఆ వాసన గుర్తుకు రాలేదా సార్?"

కింద సాయమ్మ చేట కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆయన పిట్టగోడ సున్నాన్ని గోటితో గీకుతూ ఉండిపోయాడు.

"వచ్చింది" అన్నాడు చివరికి.

నాకు ఆ లెన్సును అక్కడి నుంచి కిందికి తోసేయాలనిపించింది. శ్రవణ్‌ది కొత్త రోత కాదు, దాని కంపు నాకు అలవాటైపోయింది. ఈ మనిషి ఎదురుగా, స్టూలు మీద, గుడ్డతో లెన్సు తుడుచుకుంటూ, అన్నీ వింటూ కూర్చున్నాడు.

"ఎందుకు చెప్పలే మరి?"

"పక్కా తెల్వదు గద అనుకున్న. అద్దం సంగతి నాకు తెల్వదు, ఒట్టు. కాని ఎక్కడ్నో అనుమానం కొట్టింది. దేవదాసు చేతిల కెమెరా పాడైందని ఇంతవరకు ఒక్కడు అనలే ఉదయ్. అన్నంక మళ్ల మిల్లు గేటు కాడ్నే గదా నేను కూసునేది."

"మరి భీమయ్య యాడ కూసోవాలె?"

ఆయన లేచి కిందికి దిగి చొక్కా వేసుకున్నాడు. "చర్చికేనా?" అని సాయమ్మ అడిగితే, "కాదు, దుకాణానికి" అన్నాడు. లెన్సును గుడ్డలో చుట్టి జేబులో వేసుకున్నాడు. ఇద్దరం నా బండి మీద పోయాం.

శ్రవణ్ కౌంటర్ వెనక ఉప్మా తింటున్నాడు. దేవదాసు నిలబడే చెప్పాడు. ఎండ సంగతి, వాసన సంగతి, అన్నీ. శ్రవణ్ నవ్వాడు.

"దేవదాసన్నా, నువ్వు పెద్దమనిషివి. వాని మీద జాలి వడి నీ నెత్తిమీద ఏస్కుంటున్నవ్."

"జాలి గాదు శ్రవణ్. నేనే కాలవెట్టిన. కావాల్నంటే ఈ పిల్లగాన్ని అడుగు."

నేను బరాత్ ఫొటోల సంగతి చెప్పాను. శ్రవణ్ నవ్వు ఆగిపోయింది. లేచి వచ్చి దుకాణం అద్దాల తలుపు మూశాడు.

"ఇంకెవనికన్న చెప్పిన్రా?"

"ఇంకా లేదు."

"చెప్పొద్దు. శుక్రవారం ఖిల్లా ఘణపూర్ కోట మీద షూటింగుంది. హైదరాబాదోళ్లు. నా కోసం కాదు, నీ కోసం వస్తున్నరు, 'ఆ లెజెండ్ అంకులే తియ్యాలె' అని. ఆ లెజెండ్ కెమెరాను ఎండల వెట్టి కాలవెట్టిండంటే నా మొఖం యాడ వెట్టుకోవాలె?"

"భీమయ్య లేజర్లు ఇచ్చెయ్యి. గ్రూపుల రాసింది తీసెయ్యి."

"లేజర్లు యాడున్నయే? మా బామ్మర్ది డీజే మీదికి ఎక్కినయ్. రాసింది తీస్తే నేను అబద్ధం ఆడినట్టయితది. వాడు అడవోడే అన్నా, వానికేంది? ఇంత తేనె తెంపుకుంటడు, ఇంత గడ్డ తవ్వుకుంటడు, బతుకుతడు."

ఉప్మా చేతితోనే ఈ మాట అన్నాడు. వేళ్లకు ఆవాలు అంటుకుని ఉన్నాయి. ఇన్నాళ్లూ ఈ మనిషి చేతి కింద పని చేసిన నా చేతులను కూడా కడుక్కోవాలనిపించింది.

"నోరు మూస్కుంటే అన్నీ ఉంటయ్ అన్నా. కెమెరా వస్తది, నీ స్టూలుంటది, నువ్వుంటవ్. తెరుస్తివా, లెన్సు జేబుల ఏస్కొని పో. నా కెమెరా లేకుంటే అది దేనికి అతుకుతది? గోలీలాడుకో దానితోని."

దేవదాసు తలుపు తెరిచి బయటికి నడిచాడు.

బస్టాండు ఎదురుగా చాయ్ దుకాణం దగ్గర కూర్చున్నాం. నేను భీమయ్యకు ఫోన్ చేశాను. అతని భార్య లావణ్య ఎత్తింది. ముసలాయన కూడా వినాలని స్పీకర్ పెట్టాను. వినాలనే పెట్టాను.

"ఆయన లేడన్నా. కొల్లాపూర్ దిక్కు మామిడి తోటల మందు కొట్టనీకి పోయిండు. పొద్దటికెల్లి ఒకటే ఫోన్లు. నాగర్‌కర్నూల్ పెండ్లోళ్లు వద్దన్నరు, కల్వకుర్తోళ్లు వద్దన్నరు. మీరెవరు, ఆ స్టూడియోళ్లేనా?"

"ఆఁ, ఉదయ్‌ని."

"అన్నా, మీరన్న జర చెప్పున్రి ఆ సార్‌కు. మా ఆయన లేజర్‌ను పైకే వెడ్తడు. బరాత్‌ల పిల్లలు ఎగురుతుంటరు, కండ్లు పోతయని ఎవరు మొత్తుకున్నా కిందికి తిప్పడు. పైకి వెడ్తే మజా లేదని తాగినోళ్లు కొట్టవోతే గూడ తిప్పలే. అసొంటోన్ని పట్టుకొని కాల్చిండంటే ఎట్లన్నా?"

నేను దేవదాసు వైపు చూశాను. ఆయన చాయ్ గ్లాసు ముట్టలేదు. మీగడ కట్టింది. లావణ్య ఇంకోసారి "హలో, ఉన్నరా?" అంది. మళ్లీ చేస్తానని చెప్పి పెట్టేశాను.

"శుక్రవారం ఘణపూర్ పోవుడు లేదు ఇగ" అన్నాడు దేవదాసు.

"లేదు సార్."

"నీ నౌకరి గూడ పోతది."

"పోనీ. కంపు భరించలేక చస్తున్న ఆడ."

ఆయన జేబులోంచి లెన్సు తీశాడు, చూశాడు, మళ్లీ లోపల పెట్టుకున్నాడు. బస్సు ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయేదాకా ఆగాడు. తర్వాత కుర్చీని నా దగ్గరికి జరుపుకున్నాడు.

"ఉదయ్, ఆ గ్రూపుల నువ్వున్నవ్ గద. నా గొంతు అండ్ల పెట్టు బిడ్డా. భీమయ్య లైటు కాదు, దేవదాసు చేతులతోని కాలిందని నేనే చెప్త. వాసన వచ్చినా నోరు మూస్కొని కూసున్న అని గూడ చెప్త. నడుమల నోరు వడిపోతే నువ్వు బంద్ చెయ్యకు. మళ్ల మొదటికెల్లి చెప్పిపియ్యి."